రక్షకుల వాక్కు, రక్షితుల వాక్కు: సూరత్ సంస్కరణ సాహిత్యము

భారతీయ సాహిత్య చరిత్రకారులు సూరత్ నగరమును ప్రస్తావించునప్పుడు సాధారణముగా రెండు విషయములు చెప్పుదురు. తాపీనది ఒడ్డున మొగలాయి పాలనాకాలమున వర్ధిల్లిన మహారేవుపట్టణమిది అనునది మొదటిది. మక్కాకు పోవు యాత్రికులును, ఐరోపా వర్తకులును ఈ రేవుననే ఓడలెక్కిరి. ఆధునిక గుజరాతీ గద్యమునకు ఈ ఊరు పుట్టినిల్లు అనునది రెండవది. దుర్గారామ్ మెహతా, నర్మద్, నందశంకర్, నవల్‌రామ్, మహీపత్‌రామ్ అందరును ఈ నగరమువారే. తెలుగువారికి ఈ ఊరితో మూడవ సంబంధము కూడ కలదు. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు అనేకము సూరత్ మగ్గములను నమ్ముకొని అచ్చట స్థిరపడినవి. లింబాయత్ ప్రాంతపు వీధులలో తెలుగు మాట వినబడుచుండును. తెలుగు నేతకు ఇంత దగ్గరయైన నగరము తెలుగు చదువరికి మాత్రము దూరముగనే ఉండిపోయినది.

సూరత్ రచయితల గ్రంథములను వరుసగా చదివిన వారికి ఒక ఆవేదన పదేపదే ఎదురగును. బాలికలు, వితంతువులు, అత్తవారింటి కోడండ్రు, భక్తిపేరిట లోబడినవారు, వీరిని హింసనుండి కాపాడుట ఎట్లు అనునదే ఆ ఆవేదన. ఈ రచనలను సంఘసంస్కరణ చరిత్రలో ఒక అధ్యాయముగా చదువుట పరిపాటి. అట్టి పఠనము న్యాయమే గాని, దానితో సాహిత్య విమర్శ పని తీరదు. హింసను గూర్చి వ్రాసినవాడు ఏమి చూచెను? బాధపడినవారి పక్షమున మాటలాడినది ఎవరు? మాట ముగిసిన పిదప వారి భారము వహించినది ఎవరు? ఈ మూడు ప్రశ్నలు వేసినప్పుడు ఆ సాహిత్యపు గొప్పతనముతో పాటు కొరత కూడ బయటపడును. ఆ కొరత సూరత్‌కు మాత్రమే పరిమితము కాదు. తెలుగు సాహిత్యమునందును అది కలదు.

ఈ ధోరణికి ఆద్యుడు దుర్గారామ్ మెహతా. ఉపాధ్యాయుడైన ఆయన 1844లో మిత్రులతో కలిసి సూరత్‌లో మానవధర్మ సభను స్థాపించెను. భూతవైద్యులును, మంత్రగాండ్రును తమ శక్తిని బహిరంగముగా రుజువు చేయవలెనని ఆ సభ సవాలు చేసెను. వ్యాధిగ్రస్తులును, భయగ్రస్తులును దోపిడికి గురియగుచున్నారని గ్రహించి, ఆ దోపిడిని నలుగురి నడుమ ప్రశ్నింపవచ్చునని నేర్పినది ఈ సభయే. అంతవరకు ఇంటి గుట్టుగను, కులపు గుట్టుగను ఉండిన బాధ ఊరి చర్చగా మారుటకు ఇది నాంది.

ఆ చర్చ 1860లో భగ్గుమనెను. సూరత్‌కు చెందిన వైష్ణవ గురువు జదునాథ్‌జీ మహరాజ్ ఆ యేడు బొంబాయికి వచ్చెను. సూరత్‌వాడే అయిన కవి నర్మద్ వితంతు వివాహమును గూర్చి ఆయనతో బహిరంగ వాదమునకు దిగెను. అదే సంవత్సరము అక్టోబరు 21న కర్సన్‌దాస్ మూల్జీ తన 'సత్యప్రకాశ్' పత్రికలో ఒక వ్యాసము ప్రకటించి, గురుపీఠములలో కొందరు భక్తురాండ్రను చెరచుచున్నారని, జదునాథ్‌జీని పేరెత్తి మఱీ ఆరోపించెను. గురువు 50,000 రూపాయల పరువునష్టము కోరుచు 1861లో బొంబాయి సుప్రీంకోర్టున దావా వేసెను. విచారణ 1862 జనవరిలో ఆరంభమై, ఏప్రిల్ 22న తీర్పు వెలువడినది. ఆరోపణ సత్యమా కాదా అను ప్రధాన వాదాంశముపై తీర్పు కర్సన్‌దాస్‌కు అనుకూలమయ్యెను.

ఇచ్చట ఒక విషయము స్పష్టపరుపవలెను. కర్సన్‌దాస్ వైష్ణవ భక్తిని ద్వేషించినవాడు కాడు; ఆ సంప్రదాయమును అనుసరించు కుటుంబమున పుట్టినవాడే. తెలుగువారు 'కంచే చేను మేసినట్లు' అందురు. చేను కాయవలసిన కంచె చేనును మేయుచున్నదని చెప్పుటకు చేను ఎవరిదో వారికే ఎక్కువ హక్కు కలదు. 'దిక్కులేనివారికి దేవుడే దిక్కు' అనుటయు మనకు అలవాటే. అయితే హింస దేవుని పేరిటనే జరిగినప్పుడు దిక్కెవరు? కర్సన్‌దాస్ వ్యాసము వేసిన ప్రశ్న ఇదియే. ఆ వ్యాసపు బలము తిట్టులో లేదు. శాస్త్రప్రమాణమును, లోకవృత్తమును ఎదురెదురుగా నిలిపి, పేరు చెప్పి, ఆధారము చూపుటకు తాను సిద్ధమని నిలబడుటలో ఉన్నది. అస్పష్టమైన నీతిబోధ ఎవరికిని నొప్పి కలిగింపదు, ఎవరిని రక్షింపదు. పేరు చెప్పిన వాక్యము వ్రాసినవానికి ప్రమాదము తెచ్చును. ఆ ప్రమాదమును స్వీకరించుట వలననే అది రక్షకవాక్యమయ్యెను.

ఆ దావా నడచిన తీరు నేటి చదువరి కూడ శ్రద్ధగా పరిశీలింపదగినది. గురువునకు వ్యతిరేకముగా ఎవరును సాక్ష్యము చెప్పరాదని భాటియా కులపెద్దలు కొందరు కట్టుబాటు చేయబూనిరి. ఇది న్యాయమును అడ్డగించు కుట్రయని 1861లో వారిపై వేరొక వ్యాజ్యము నడచి, వారికి జరిమానాలు పడినవి. హింస ఒక్కని చేతిలో మొదలైనను, దానిని నిలబెట్టునది చుట్టునున్నవారి మౌనమని దీనివలన తేలుచున్నది. ఆ మౌనము పిరికితనమువలన మాత్రమే పుట్టదు. కులగౌరవము, గురుభక్తి, ఇంటిపరువు వంటి మంచి పేర్లు గలవియే దానికి కావలి కాయును.

సాక్షులు వచ్చిరి. వైద్యులు వచ్చిరి, వర్తకులు వచ్చిరి, కవి నర్మద్ వచ్చెను. అయితే ఎవరికి హాని జరిగినదని అంత వాదము నడచెనో ఆ స్త్రీలలో ఒక్కరును న్యాయస్థానమున మాటలాడలేదు. విజయము సత్యమునకు కలిగినది, పత్రికాస్వాతంత్ర్యమునకును కలిగినది. ఆ స్త్రీలకు ఏమి కలిగినదో చెప్పు పుట మాత్రము ఆ గ్రంథములలో లేదు. వారు ఆ మహావాదమునకు కారణభూతులు గాని, పాత్రలు కారు.

నర్మద్ జీవితమునందును ఇట్టి చిక్కు ఒకటి కనబడును. 1864లో 'డాండియో' అను పక్షపత్రికను స్థాపించి ఆయన లోకముతో కలహించెను. వితంతువునకు తన యింట ఆశ్రయమిచ్చెను. 1869లో వితంతువును వివాహమాడెను. చెప్పినది చేసిన కవులు అరుదు గనుక ఈ గౌరవము ఆయనకు చెల్లవలసినదే. అయితే జీవితపు చివరి సంవత్సరములలో ఆయన ఆలోచన సంప్రదాయమువైపు మరలెను. 1885 నాటి 'ధర్మవిచార్' అందుకు సాక్ష్యము. ఒక రచయిత తన అభిప్రాయమును మార్చుకొనుట తప్పు కాదు. కాని రక్షణ పొందినవారి బ్రదుకు రక్షకుని అభిప్రాయముపైననే ఆధారపడినచో, ఆయన మనసు మారిన దినమున వారి గతి ఏమగును? రక్షణము ఒక వ్యక్తి దయగా కాక, మారని ఏర్పాటుగా ఉండవలెనని నర్మద్ కథ నేర్పుచున్నది.

మహీపత్‌రామ్ నీలకంఠ్ వేరొక మార్గము త్రొక్కెను. 1866లో వెలువడిన ఆయన 'సాసు వహునీ లడాయి' గుజరాతీ సాంఘిక నవలలలో మొదటిదిగా ఎన్నబడుచున్నది. అత్తవారింట కోడలు పడు అగచాట్లు దాని వస్తువు. న్యాయస్థానమునకు రాని హింస, గురుపీఠమున కాక వంటయింట జరుగు హింస, ఇందు తొలిసారిగా నవలావస్తువయ్యెను. అంతఃపురముల కథలు వ్రాయు కాలమున ఒక సామాన్యపు ఇంటి వసారాలోనికి చదువరిని కొనిపోవుట చిన్న పని కాదు. అయినను ఆ పేరును పరీక్షింపవలెను. 'లడాయి' అనగా పోరు. పోరు సమానబలుల నడుమ జరుగును. ఒకరు పెద్దరికముతోను, ఒకరు పరాయి ఇంటికి వచ్చిన పసితనముతోను ఉన్నచోట జరుగునది పోరు కాదు, హింస. తెలుగునందును అత్తాకోడండ్ర పోట్లాట అనగనే నవ్వు పుట్టుట అలవాటు. 'అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు' అను సామెతలో కొట్టుట సహజమని ముందే ఒప్పుకొనబడినది; ఏడ్పునకు కారణము నవ్వు మాత్రమే. భాషలోనే ఇంత సర్దుబాటు ఉన్నప్పుడు ఆ బాధను బాధగా చూపుటకు నవలాకారుడు ఎంత శ్రమింపవలెనో ఊహింపవచ్చును.

గుజరాతీ విమర్శకు ఆద్యుడని పేరొందిన నవల్‌రామ్ పండ్యా బాల్యవివాహమును అధిక్షేపించుచు 'బాళలగ్న బత్రీసీ' అను గేయసంపుటి వ్రాసెను. విమర్శకుడు గ్రంథములను తూచుటతో ఊరకుండక స్త్రీలు పాడుకొను బాణీలలో పాటలు కట్టెననుట గమనింపదగినది. ఉపన్యాసము వినని ఇంటిలోనికి పాట ప్రవేశింపగలదని ఆయన ఎరుగును.

ఈ వరుసలో దేశవ్యాప్తమైన కీర్తి పొందినవాడు బెహ్రామ్‌జీ మలబారీ. 1853లో బరోడాలో జన్మించిన ఈ పారసీ రచయిత చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొని తల్లితో సూరత్ చేరెను; ఆ నగరముననే పెరిగి చదువుకొనెను. గంధపుచెక్క, సుగంధద్రవ్యముల వర్తకుడొకడు ఆయనను దత్తత చేసికొనగా మలబారీ అను పేరు వచ్చినది. 1884 ఆగస్టులో ఆయన శిశువివాహమును, నిర్బంధ వైధవ్యమును గూర్చి రెండు విజ్ఞాపనపత్రములు ప్రకటించెను. వివాహితులైన విద్యార్థులకు విశ్వవిద్యాలయ పరీక్షలలో ప్రవేశము నిరాకరింపవలెనని, ఉద్యోగములలో అవివాహితులకు ప్రాధాన్యమీయవలెనని, పాఠ్యపుస్తకములలో ఈ దురాచారపు ఫలితములను వర్ణింపవలెనని ఆయన సూచించెను. ఈ సూచనలలో కొన్ని విపరీతముగా తోచవచ్చును. అయినను రోదనమును దాటి ఉపాయము వెదకుట వీనిలోని విశేషము.

1886లో ప్రభుత్వము జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. మలబారీ వెనుదీయలేదు. 1890లో లండను నగరమున ఆయన ప్రకటించిన పుస్తకమునకు 'భారత పుత్రికల విన్నపము' అని అర్థమిచ్చు పేరు పెట్టెను. అదే యేడు కలకత్తాలో సుమారు 11 ఏండ్ల బాలిక ఒకతె భర్త చేతిలో బలియయ్యెను. నాటి చట్టము 10 సంవత్సరములనే హద్దుగా ఉంచినందున ఆ భర్తపై బలాత్కార నేరము మోపుటకు వీలు లేకపోయెను. 1891 మార్చిలో ఆ వయసు 12కు పెంచబడినది. మలబారీ కలము ఈ మార్పునకు గొప్ప తోడ్పాటు. కాని ఆ పుస్తకపు పేరునొద్ద విమర్శకుడు ఒక క్షణము ఆగవలెను. విన్నపము పుత్రికలది, వ్రాత మాత్రము మలబారీది. ఆయన విరోధులు ఆయన పారసీ యని, పరాయివాడని ఆక్షేపించిరి. పసిబిడ్డ బాధ చూచినవాడు పరాయివాడు కాడు గనుక ఆ ఆక్షేపణకు బలము లేదు. అసలు ఆక్షేపణ వేరొకటి. మాటలాడగల పుత్రిక అప్పటికే ఉన్నది. ఆమె అప్పటికే మాటలాడినది.

ఆమె రఖ్మాబాయి. 1864లో బొంబాయిలో జన్మించి, 11వ యేట పెండ్లి చేయబడి, భర్తతో కాపురము చేయుటకు నిరాకరించిన యువతి. 1884లో భర్త దావా వేసెను. 1885లో న్యాయమూర్తి పిన్హే ఆమెకు అనుకూలముగా తీర్పు చెప్పెను. అప్పీలు పిదప, 1887 మార్చిలో, భర్తను చేరవలెను లేదా ఆరు మాసముల ఖైదు అనుభవింపవలెను అను ఉత్తరువు వెలువడినది. ఖైదునకే సిద్ధమని ఆమె చెప్పెను. 1888లో భర్తకు 2,000 రూపాయలు ముట్టగా ఆ వ్యవహారము సమసినది. ఈ వ్యాజ్యము నడుచుచుండగనే, 1885లో ఆమె 'ఒక హిందూ స్త్రీ' అను మారుపేరుతో బొంబాయి ఆంగ్లపత్రికకు లేఖలు వ్రాసెను.

ఆ లేఖలను మలబారీ విజ్ఞాపనములతో పోల్చి చదివినచో భేదము స్ఫుటమగును. మలబారీకి బాల్యవివాహము ఒక జాతి రోగము. అతడు దాని లక్షణములను, చికిత్సను వివరించును. రఖ్మాబాయికి అది ఒక జీవితమునుండి ఎత్తుకొనిపోబడిన వస్తువుల పట్టిక. చదువు పోయినది, ఏకాంతము పోయినది, తన మనసును తాను పెంచుకొను తీరిక పోయినది. ఆమె జాలి కోరదు. తనకు జరిగినది అన్యాయమని చెప్పును. జాలి కోరునట్టి పాత్రను రచయిత తన ఇష్టమువచ్చినట్లు మలచగలడు. అన్యాయమని చెప్పునట్టి మనిషికి సమాధానము చెప్పక తప్పదు. సూరత్ సంస్కర్తల గ్రంథరాశికి లోపించినది ఈ స్వరమే.

తెలుగు చదువరి ఇచ్చట తన యింటివైపు చూచుకొనవలెను. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' మొదటి ప్రచురణ 1897లో వెలువడినది. విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో జరిగిన 1,034 శుల్కవివాహముల లెక్కను ఆ పీఠికయందు గురజాడవారు పేర్కొనిరి. ఏడాది నిండిన పసికందులు కూడ ఆ పట్టికలో కలరు. లెక్కను నాటకముగా మార్చిన ప్రతిభ అసామాన్యము. అయినను లుబ్ధావధానులుకు అమ్మబడనున్న సుబ్బి మాట మనకు ఎంత వినబడును? ఆమె ఆ నాటకమునకంతటికి హేతువు. ఆమె స్థానమున పెండ్లిపీటలపై కూర్చుండునది ఆడువేషము ధరించిన కరటకశాస్త్రి శిష్యుడు. పసిపిల్లను కాపాడుటకు పసివానిని అపాయపు పనిలోనికి దింపిరి. వానికి ఇష్టమా యని గట్టిగా అడిగినవారు లేరు. హాస్యము ఆ ప్రశ్నను కప్పివేయును. ఇది గురజాడవారి లోపమనుటకంటె కాలపు చూపు అనుట న్యాయము. బాలల రక్షణ పెద్దల వ్యూహముగా ఉండెను. బాలల మాటకు అందు చోటు లేకుండెను.

ఇక మూడవ ప్రశ్న మిగిలినది. మాట ముగిసిన పిదప భారము వహించినవారెవరు? రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఊరు వెలివేయగా, పనివారు రాక మానగా, ఇంటికి చేరిన వితంతువులకు వండిపెట్టినది, గోదావరినుండి నీళ్లు మోసినది రాజ్యలక్ష్మమ్మగారు. 'వివేకవర్ధని' పుటలను చదివి మెచ్చుకొను విమర్శకుడు ఆ నీళ్లబిందెను కూడ ఆ గ్రంథములో భాగముగా చదువవలెను.

సూరత్‌లో ఈ ప్రశ్నకు సమాధానము అద్భుతముగా లభించినది. లండనులో వైద్యవిద్య ముగించుకొని వచ్చిన రఖ్మాబాయి 1895లో సూరత్ నగరపు స్త్రీల ఆస్పత్రిలో వైద్యురాలుగా చేరి, రెండు దశాబ్దములకు పైగా ఆ ఊరి తల్లులకు, బిడ్డలకు సేవచేసెను. మలబారీ పెరిగిన ఊరు, జదునాథ్‌జీ పీఠమున్న ఊరు, నర్మద్ పుట్టిన ఊరు, ఒకప్పటి బాలవధువు చేతిలో తన ఆడపిల్లల ఆరోగ్యమును ఉంచినది. 1907లో అదే నగరమున బాజీగౌరీ మున్షీ, శివగౌరీ గజ్జర్ అను ఇద్దరు వితంతువులు వనితా విశ్రామ్ అను విద్యాసంస్థను నెలకొల్పిరి. రక్షింపబడవలసినవారు రక్షకులైరి. నర్మద్ కథలో కనబడిన చిక్కు ఇచ్చట వీడినది. ఎవరి మనసు మారినను తలుపు మూయబడని ఇల్లు ఒకటి ఏర్పడినది.

చట్టము ఈ పాఠమును ఎంతో ఆలస్యముగా నేర్చుకొనినది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 10 ఏండ్ల హద్దు 1891లో 12 ఏండ్లయ్యెను. 1929 నాటి శారదా చట్టము బాలికల వివాహవయస్సును 14గా నిర్ణయించెను. 1978లో అది 18కి చేరినది. లైంగిక నేరములనుండి బాలలను రక్షించు చట్టము 2012లో వచ్చి, 18 ఏండ్లలోపు వారందరిని బాలలుగా గుర్తించెను. ఆ చట్టములోని కొన్ని నియమములు పై కథలకన్నిటికిని వ్యాఖ్యానము వలె తోచును. బిడ్డ వాంగ్మూలమును ఆమె యింటనో, ఆమె కోరిన చోటనో తీసికొనవలెను. పోలీసు అధికారి ఆ సమయమున యూనిఫారము ధరింపరాదు. బిడ్డ నిందితుని ఎదుట పడకుండ చూడవలెను. నేరము జరిగినదని తెలిసియు తెలుపనివారు శిక్షార్హులు. 1861లో కులపెద్దలు పాటింపుమన్న మౌనము నేడు నేరము. బాధితురాలి పేరు ప్రకటింపరాదనియు ఆ చట్టము శాసించుచున్నది. 'ఒక హిందూ స్త్రీ' అను మారుపేరు రఖ్మాబాయి తనకు తాను కల్పించుకొనిన రక్ష. నేడు అది ప్రతి బిడ్డకును హక్కు. పేరు దాచుట వేరు, మాట దాచుట వేరు అను వివేకము ఇందు కలదు.

చట్టము ఉన్నంతమాత్రమున హింస ఆగిపోదు. ఇంటివారు, బంధువులు, గురువులు, అనగా కంచెగా నిలువవలసినవారే చేను మేయుట నేటికిని కలదు. అందుచేతనే ఈ వస్తువుపై కలముపట్టు రచయితకు బాధ్యత తగ్గలేదు. బాధను వర్ణించి కన్నీరు తెప్పించుట సులభము. ఆ కన్నీరు చదువరికి తాను మంచివాడనను తృప్తి కలిగించి అచ్చటనే ఇంకిపోవచ్చును. కర్సన్‌దాస్ వలె పేరు చెప్పగల సాహసము, మలబారీ వలె ఉపాయము వెదకు పట్టుదల అవసరమే. వానితోపాటు మాటలాడవలసినవారికి చోటిచ్చి తాను ఒదిగి ఉండు వినయమును రచయిత నేర్వవలెను.

నర్మద్ కవిత్వము, మహీపత్‌రామ్ నవల, మలబారీ విజ్ఞాపనములు తెలుగువారి పరిచయమునకు అర్హములు. వానిని తెలుగు చేయువారు రఖ్మాబాయి లేఖలను అనుబంధముగా కాక, మొదటి అధ్యాయముగా చేర్చినచో ఆ కాలము మనకు సరియైన వరుసలో అర్థమగును. బాధ ముందు కలిగినది, బాధపడినవారు మాటలాడిరి, సంస్కర్తలు తరువాత వ్రాసిరి. ఇంతవరకు సాహిత్యచరిత్ర ఈ వరుసను తలక్రిందులుగా చెప్పుచు వచ్చినది.